ట్యాంకు కింద పరిచిన రబ్బరు

మక్‌షిమ్ నీళ్ళలోంచి తల పైకెత్తి, పడవ అంచు పట్టుకుని, నడుముకున్న వల సంచిలోంచి ఒక రాతినత్తను తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత దాన్ని పడవ నడిపే కప్సు ఒళ్ళోకి విసిరింది.

“వాసన చూడరా.”

కప్సు చూశాడు. నత్తకి సముద్రం వాసన ఉంది. దాని వెనకే డీజిలు వాసన కూడా ఉంది. పడవ పక్కన నీళ్ళ మీద పలచటి పొర ఒకటి రంగురంగులుగా మెరుస్తూ రాళ్ళ వైపు నెమ్మదిగా సాగిపోతోంది.

“నాకు డెబ్బై రెండో ఏడు. యాభై అయిదేళ్ళుగా ఈ రాళ్ళ మీద బతుకుతున్నా. ఇప్పుడు నువ్వు వాటికి నూనె పెట్టి తలంటు పోస్తున్నావు,” అంది మక్‌షిమ్. “పద ఒడ్డుకి.”

ఉంజీ దీవిలో మునిగి నత్తలేరే ఆడవాళ్ళు ముప్ఫై ఒక్కమంది. వాళ్ళని తీసుకెళ్ళే పడవలు పదకొండు. ఉత్తరపు రాళ్ళను ఏడాది పొడుగునా మూసి ఉంచి, వసంతంలో పోటు మందగించే నాలుగు రోజులు మాత్రం తెరుస్తారు. ఆ నాలుగు రోజుల్లో ఏరిన దానితోనే చాలా ఇళ్ళు సగం ఏడాది నడుస్తాయి. దానికింక ఆరు రోజులే ఉంది. నూనె కారే పడవ ఆ రాళ్ళ దరిదాపులకు రాకూడదన్నది కట్టుబాటు. ఎక్కడా రాసి లేదు, కానీ దాని మీద వాదించినవాడూ లేడు.

ఆ మధ్యాహ్నమే కప్సు పడవను గట్టు మీదికి లాగించి సొక్‌చల్‌ని పిలిచాడు. ప్యో సొక్‌చల్‌కి అరవై మూడేళ్ళు. దీవిలో ఇంజను విప్పాలన్నా, పగిలిన ఫైబరుకి అతుకు వెయ్యాలన్నా, ట్యాంకు బిగించాలన్నా అతనొక్కడే. అతను చూసి బాగుందన్న పడవను మళ్ళీ ఇంకొకరు చూడరు.

“ఏదో పైపు వదులైనట్టుంది అన్నా. బిగిస్తే సరిపోద్ది,” అన్నాడు కప్సు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏమో. ఈ మధ్య ఇంజను తాగుడు మరిగిందనుకున్నా. నా వయసే కదా దానికీ.”

“నీ అంత తాగితే ఎప్పుడో ఆగిపోయేది,” అంటూ సొక్‌చల్ ఇంజను గదిలోకి దిగాడు.

పడవ అడుగున ఊరిన నీళ్ళను తోడిపోసే చిన్న మోటారు ఒకటి ఉంటుంది. నీరు చేరగానే దానంతటదే తిరుగుతుంది. కారిన డీజిలు ఆ నీళ్ళతో కలిసి సముద్రంలో పడుతోందన్నమాట. అతను ముందు దాని తీగ పీకేశాడు. ఆ తరవాత అడుగంతా తోడి, కడిగి, పొడిగుడ్డతో చేతికి తడి అంటనంత దాకా తుడిచాడు. నూనె పోసే గొట్టం, గాలి గొట్టం, వడపోత, ఇంజను నుంచి వెనక్కి వచ్చే పైపు, అన్నిటి అతుకుల మీదా చంటిపిల్లలకు రాసే పౌడరు చల్లాడు.

“ఏ బిడ్డకి అన్నా ఈ ముస్తాబు?” అన్నాడు కప్సు.

“కారే బిడ్డకి. ఎక్కడ తడి ఉంటే అక్కడ పౌడరు నల్లబడుద్ది. రేపు పొద్దున్న రా.”

పొద్దున్న చూస్తే పౌడరంతా తెల్లగా, చల్లింది చల్లినట్టే ఉంది. కానీ పడవ అడుగున రెండు వేళ్ళ లోతు డీజిలు నిలిచింది. కప్సు మొహం వాడిపోయింది. పైపయితే గంటలో దొరుకుతుంది. ట్యాంకంటే డెక్కు కింద పాతేసినట్టుండే వస్తువు.

సొక్‌చల్ మనసు మాత్రం ట్యాంకును అనుమానించడానికి ఇంకా ఒప్పుకోలేదు. పదకొండేళ్ళ కిందట దాన్ని అక్కడ కూర్చోబెట్టింది అతనే. చేతిపంపుతో డీజిలంతా డబ్బాల్లోకి తోడి, గొట్టాలన్నీ మూసి, ఒకదానికి సన్నటి పారదర్శకపు గొట్టాన్ని వంచి తగిలించి అందులో నీళ్ళు పోశాడు. సైకిలు పంపుతో కాస్తంత గాలి ఎక్కించాడు. ఎక్కువ ఎక్కిస్తే ట్యాంకు పొట్ట ఉబ్బుతుంది. గొట్టంలో నీళ్ళు ఒక పక్క జానెడు పైకి లేచి నిలబడ్డాయి. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. కప్సు అలవాటుగా సిగరెట్టు తీశాడు.

“దాన్నైనా జేబులో పెట్టు, నువ్వైనా పడవ దిగు.”

కప్సు జేబులో పెట్టాడు. ఒక కాగితపు కప్పు కాఫీ తాగేంతలో నీటిమట్టం వేలెడు దిగింది, గాలి ఎక్కడో పోతోందన్నమాట. పైన కనిపించే అతుకులన్నిటి మీదా సబ్బునీళ్ళు రాస్తే ఒక్క బుడగ కూడా రాలేదు.

“అడుగున,” అన్నాడు సొక్‌చల్. “డెక్కు కొయ్యాలి.”

మర్నాడు డెక్కు కోశారు. రేవులోని గొలుసు కప్పీకి తగిలించి ట్యాంకును బయటికి లేపారు. తోడిన డీజిలు డబ్బాలను ఇంట్లో పెట్టి రావడానికి కప్సు వెళ్ళాడు. ట్యాంకును పక్కకి దొర్లించి సొక్‌చల్ ఒంగి చూశాడు.

అడుగుకి నల్లటి రబ్బరు అంటుకుని ఉంది. నీళ్ళలో మునిగే ఆడవాళ్ళు వేసుకునే రబ్బరు తొడుగు ముక్క అది. మోకాలి దగ్గర వేసిన గుండ్రటి అతుకు కూడా ఇంకా తెలుస్తోంది. అతను దాని మూల పట్టుకుని లాగాడు. తడి చర్మంలా ఊడి వచ్చింది. చేతిలో నొక్కితే ఉప్పునీరు కారింది. దాని కింద అల్యూమినియం మీద తెల్లటి పిండి పేరుకుంది. రబ్బరు ఆనిన చోటంతా గుంటలు. ఆననిచోట లోహం కొత్తదానిలా ఉంది. స్క్రూడ్రైవరు మొన ఒక గుంటలో పెట్టి చిన్నగా ఒత్తితే అవతలికి దిగిపోయింది.

ఆ రబ్బరు అతని తెలివే. ట్యాంకులు కెరటాలకు దడదడలాడుతున్నాయని, నీళ్ళలోంచి చెవిపోటుతో పైకి వస్తే పడవలో ఆ మోత భరించలేకపోతున్నామని ఆడవాళ్ళు గోల పెడితే అతనికి తట్టిన ఉపాయం. కొత్త తొడుగు కొనుక్కున్న వాళ్ళంతా పాతది తెచ్చి అతని కొట్టు తలుపుకు తగిలించి పోయేవాళ్ళు. వాటిని కోసి తొమ్మిది పడవల్లో ట్యాంకుల కింద పరిచాడు. మోత ఆగింది. ఆ ఏడాది అతనికి పండుగ రోజున బియ్యపు పిండివంటలు ఎన్ని ఇళ్ళ నుంచి వచ్చాయో. లోపల గుడ్డ అంటించి ఉండే ఆ రబ్బరు ఉప్పునీటిని పీల్చుకుని, గాలి ఆడనివ్వకుండా, లోహాన్ని ఏళ్ళ తరబడి తింటుందని మాత్రం అతనికి తోచలేదు.

కప్సు తిరిగి వచ్చేసరికి రబ్బరు గోనెసంచి కిందికి పోయింది. అక్కడికి అది ఎలా పోయిందో సొక్‌చల్ చేతికే తెలియాలి.

“అబ్బో, చిల్లే పడింది!” కప్సు గుంటల మీద వేలు పెట్టి చూశాడు. “పదకొండేళ్ళు పనిచేసింది అన్నా. ఉప్పు కదా, దేన్ని ఉంచుద్ది? ఇంకొకడు బిగించుంటే అయిదేళ్ళకే పోయేది.”

సొక్‌చల్ టేపు తీశాడు. కొలతలు కాగితం మీద రాసుకున్నాడు. పాత ట్యాంకు మధ్యాహ్నపు ఓడలో అవతలి ఒడ్డున తొంగ్యాంగ్ పట్నంలోని వెల్డింగు కొట్టుకి వెళ్ళింది. కొత్తది రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు.

ఆ రెండు రోజులూ అతను రేవు గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. మిగిలిన ఎనిమిది పడవలూ నీళ్ళలో ఊగుతున్నాయి. ఎవరి ట్యాంకు కింద ఎవరి తొడుగు ఉందో అతనికి గుర్తే. ఎర్రచారల పడవలో మక్‌షిమ్ చెల్లెలి వీపు. హ్వాంగ్బో పడవలో కిందటేడు పోయిన ముసలామె రెండు భుజాలు. అన్నీ కారుతున్నాయని లేదు. కొన్ని ఇంకో మూడేళ్ళు ఆగొచ్చు. ఇప్పుడు చెబితే అన్నిటి డెక్కులూ కొయ్యాలి. పడవలన్నీ గట్టు మీదే ఉంటే ఉత్తరపు రాళ్ళకు వెళ్ళేది ఎలా? ఆ నాలుగు రోజులూ అయ్యాక చెబితే ఎవరికీ నష్టం లేదు, ఏదీ కారకపోతే. ఏదో ఒకటి కారితే ఏడాదంతా కాచిన రాళ్ళ మీదే పోస్తుంది.

ఈ లెక్క ఎటు తిప్పినా, అయ్యాక చెప్పడమే మంచిదని తేలేది. అలా తేలిన ప్రతిసారీ అతను గట్టు చివరి దాకా వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ లెక్కలో పడవల్ని చూస్తున్నాడో, తన పేరును చూసుకుంటున్నాడో అతనికే సరిగా తేలలేదు.

చెప్పినట్టే రెండో రోజున కొత్త ట్యాంకు వచ్చింది. ఈసారి దాని అడుగున గట్టి ప్లాస్టిక్ పట్టీలను సందు లేకుండా జిగురుతో అంటించాడు. ట్యాంకు కింద వేలు దూరేంత ఖాళీ వదిలాడు, నీరు చేరితే జారిపోవాలి, గాలి ఆడాలి. ట్యాంకును దించి, కదలకుండా బిగించి, గాలి పరీక్ష మళ్ళీ చేశాడు. కప్పు కాఫీ తాగాడు, రెండో కప్పు కూడా తాగాడు. గొట్టంలో నీళ్ళు వెంట్రుకవాసి కదల్లేదు.

“నాకు పెళ్ళిచూపుల్లో కూడా ఇంత దడ పుట్టలేదు,” అన్నాడు కప్సు.

అప్పుడే మక్‌షిమ్ గట్టు దిగి వచ్చింది. చంకలో మడతపెట్టిన నల్లటి రబ్బరు తొడుగు ఉంది.

“తమ్ముడూ, ఇదిగో. కొత్త ట్యాంకు కింద పరుచు.”

“ఇది నువ్వు వేసుకునేదే కదక్కా?”

“ఈ నాలుగు రోజులకీ మా చెల్లి పాతది సరిపోద్ది. ఆ తరవాత ఇక మునగను. డాక్టరు చెవులు చూసి తిట్టాడు. నేను మునక్కపోయినా నా తోలైనా రోజూ రాళ్ళ దాకా పోయొస్తదని తెచ్చా.” ఆమె నవ్వుతూ చెప్పి, తొడుగును అతని చేతుల్లో పెట్టింది. ఉతికి, ఆరబెట్టి, లోపల తెల్లపొడి కూడా చల్లి తెచ్చింది.

సొక్‌చల్ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తీసుకుని పక్కన పెట్టెయ్యొచ్చు. పరిచానని చెప్పెయ్యొచ్చు. డెక్కు మూశాక ఎవరు చూస్తారు?

“వద్దక్కా,” అన్నాడు.

“ఏం, నా ఒంటి వాసనొస్తోందా?”

“ట్యాంకును తిన్నది ఇదే.”

గోనెసంచి కిందనుంచి పాత ముక్కను తీసి ఇద్దరి ముందూ పరిచాడు. ఎలా జరిగిందో చెప్పాడు. తొమ్మిది పడవల మాటా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని కళ్ళు రబ్బరు మీదే ఉన్నాయి. కప్సు సిగరెట్టు తీసి, వెలిగించకుండానే నోట్లో పెట్టుకున్నాడు.

మక్‌షిమ్ ఒంగి ముక్కను తిరగేసింది.

“ఈ మోకాలు నాదే. పదకొండేళ్ళుగా నేనే కప్సు గాడి ట్యాంకు కొరుకుతూ కూర్చున్నానన్నమాట!” అని పకపకా నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. “ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?”

“రెండు రోజులు.”

“రెండు రోజులు.” ఆమె ఆ మాటను నోట్లో పెట్టుకుని చూసినట్టుంది. “ఎల్లుండి రాళ్ళు తెరుస్తున్నారు. నేను మునిగే చోట నూనె ఉంటే నాకు పైకొచ్చాక గానీ తెలీదు తమ్ముడూ. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నేనే చెప్తా.”

ఆమె తన తొడుగును తిరిగి చంకలో పెట్టుకుంది. “అయితే దీన్ని పారెయ్యడం దండగ. ఇంకో ఏడాది మునుగుతా. డాక్టరుకి నువ్వే సమాధానం చెప్పుకో.”

ఊరి చావడిలో మైకు ఉంది. ఊరి పెద్ద రోజూ అందులోనే ఓడల వేళలు, ఉల్లి నారు పంచే వేళలు చెబుతాడు. సొక్‌చల్ అతని అనుమతి అడిగి మీట నొక్కాడు. తన గొంతే కొండ మీది లౌడ్‌స్పీకరు బూరల్లోంచి బయటపడి ఒక క్షణం ఆలస్యంగా తనకే వినిపిస్తుంటే, మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

“నేను ప్యో సొక్‌చల్‌ని. కప్సు పడవ ట్యాంకు చిల్లుపడింది. ఉప్పు వల్ల కాదు, నేను పరిచిన రబ్బరు వల్ల. మీ ఎనిమిది పడవల్లోనూ అదే ఉంది. కారుతున్నాయో లేదో నాకు తెలీదు. తెరిచి చూడాలి. ఆ పని నాది. తప్పు కూడా నాదే.” ఇంకేం చెప్పాలో తోచక, “అంతే,” అన్నాడు.

అతను రేవుకి చేరేసరికి అరడజను మంది వచ్చేశారు. అందరికంటే ముందు హ్వాంగ్బో, కాళ్ళకి ఇంటి చెప్పులతోనే.

“ఆ నాలుగు రోజులూ అయ్యేదాకా నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదయ్యా? రేపు నా డెక్కు కోస్తావా? ఎల్లుండి నేను దేన్ని తీసుకెళ్ళాలి, మా ఆవిడ పచ్చడి జాడీనా?”

“ఆ నాలుగు రోజుల్లోనే కారితే?”

“కారలేదుగా!”

“ఏమో. చూడలేదుగా.”

హ్వాంగ్బో తిట్టాడు. సొక్‌చల్ తండ్రిని, అతని కొట్టును, ఆ కొట్టు తలుపును కూడా తిట్టాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు, అతనికి తిట్టే హక్కుందని అందరికీ అనిపించింది. తిట్లు అయిపోయాక గట్టు మీద కూర్చున్న ఆడవాళ్ళలోంచి మక్‌షిమ్ మాట్లాడింది. రబ్బరు లేని పడవలు రెండు, కప్సుది ఒకటి. ముప్ఫై ఒక్కమందిమి మూడు పడవల్లో విడతలుగా పోతాం, అంది. ఇరుక్కుంటాం, ఒకరి మోచేతులు ఒకరికి తగులుతాయి, కానీ పోతాం. ఏరిన దాంట్లో పడవవాళ్ళ వంతు పదకొండు పడవలకీ పంచుదాం.

హ్వాంగ్బో ఇంటి చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారగానే సొక్‌చల్ కరెంటు రంపం పట్టుకుని వచ్చేసరికి హ్వాంగ్బో పడవ అప్పటికే గట్టెక్కి ఉంది. లోపల సామానంతా తీసేసి ఉంది. డీజిలు తోడేసి డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. హ్వాంగ్బో ఒక మూల కూర్చుని, పలకరించకుండా, కరెంటు తీగ కొసను అతని వైపు తోశాడు.

డెక్కు కోశారు. ట్యాంకును లేపారు. ఇద్దరూ ఒంగి చూశారు. ముసలామె భుజాల ముక్క అలాగే అతుక్కుని ఉంది. లాగితే కింద అదే తెల్లటి పిండి, అవే గుంటలు. సొక్‌చల్ స్క్రూడ్రైవరు మొన అన్నిటికంటే లోతైన గుంటలో పెట్టి ఒత్తాడు. ఇంకా ఒత్తాడు. మొన ఆగిపోయింది.

“దిగలేదు,” అన్నాడు హ్వాంగ్బో.

“దిగలేదు.”

“అంటే కారడం లేదు.”

“లేదు.”

“మరి నా డెక్కు ఎందుకు కోశావయ్యా, మహానుభావా?”

సొక్‌చల్ స్క్రూడ్రైవరు అతనికిచ్చాడు. హ్వాంగ్బో మోకాళ్ళ మీద కూర్చుని గుంటలో మొన ఆడించి చూశాడు. తెల్లటి పిండి రాలింది. తరవాత బొటనవేలి గోరు పెట్టి ఎంత లోహం మిగిలిందో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

“మిగతా ఏడూ?” అన్నాడు చివరికి.

“తెలీదు.”

హ్వాంగ్బో లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. తన కొట్టంలోకి వెళ్ళి ఇంకో రంపం తెచ్చాడు.

“ఎర్రచారల వాడిది మొదట,” అన్నాడు. “వాడు పొద్దెక్కేదాకా నిద్ర లేవడు.”