గోడకు తగిలించే గిటార్

గిటార్ పైపలకని, తొలిచిన గుంత వైపు పైకి వచ్చేలా ఒళ్ళో పెట్టుకుని, ఉక్కురేకుని రెండు బొటనవేళ్ళతో కాస్త వంచి, పెద్దమ్మ తన వైపుకి లాగింది. రేకు ముందర ఉల్లిపొరలాంటి చెక్కపొర చుట్టలు చుట్టుకుంటూ లేచి ఆమె మోకాలి మీద పడింది. దాన్ని ఊది, మళ్ళీ లాగింది. తెల్లారి కార్ఖానా తలుపులు తీసింది మొదలు ఇదే పని.

నిజానికి ఆమెని పెద్దమ్మా అని పిలవాల్సిన వరస ఒక్క యజమానిదే. అతను ఆమె చెల్లెలి కొడుకు. కానీ పాలిష్ పట్టే అతనూ, చెక్క దింపే లారీ డ్రైవరూ, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే మనిషి కూడా అలాగే పిలుస్తారు. వెనకాల మాత్రం గీకుడు పెద్దమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. "గోకుడు పెద్దమ్మ అనలేదు, అదే పదివేలు" అంటుంది.

పొట్టి మనిషి. మణికట్లు లావు. ఏళ్ళ తరబడి రేకుని నొక్కీ నొక్కీ బొటనవేళ్ళ గోళ్ళు చదునై చెంచాల్లా తయారయ్యాయి. నెరిసిన జుట్టుకి గుడ్డ, కనుబొమల మీద ఎప్పుడూ చెక్కపొడి.

మామూలు గిటార్ పైపలక అట్టలా చదునుగా ఉంటుంది. ఇక్కడ చేసేది జాజ్ వాయించేవాళ్ళ గిటార్. పలక నడుమ ఉబ్బి, అంచులకి జారి, అక్కడ సన్నటి కాలవలా దిగి మళ్ళీ లేస్తుంది. అది వంచితే వచ్చే ఉబ్బు కాదు. స్ప్రూస్ అనే తేలికపాటి చెక్క దిమ్మని, లావుపాటిదాన్ని, పైనా లోపలా ఉలితో తొలిచి, చిత్రిక పట్టి, చివరికి రేకుతో గీకి రాబట్టాలి. చెక్కలో ముప్పాతిక వంతు నేలపాలవుతుంది, మిగిలిందే గిటార్. ఒక్కోదానికి నెలలు పడుతుంది. దాని ఖరీదుతో ఊరి చివర చిన్న ఇల్లు కొనుక్కోవచ్చు.

యజమాని వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"పెద్దమ్మా, అదింకా వదల్లేదా? ఇవాళ పెట్టె మూసెయ్యాలన్నాను కదా."

"మూద్దువుగానిలే. ముందు దానికి గొంతు రానీ."

"గొంతు ఎవరిక్కావాలి? హోటల్ వాళ్ళు హాల్లో గోడకి తగిలించుకుంటారట. ఎవరూ ముట్టుకోరు, వాయించరు. అందంగా ఉంటే చాలన్నారు."

"గోడకయితే గడియారం కొనుక్కోమను."

పాలిష్ అతను చేతిలో గుడ్డని నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

యజమాని ఏమీ తెలియనివాడు కాదు. తండ్రి బల్ల దగ్గర పెరిగినవాడు. ఆ పలక ఇంకా మూగగానే ఉందని ఆమెకెంత తెలుసో అతనికీ అంతే తెలుసు. అందుకే అంత చిరాకు. ఆ ఏడాది వచ్చిన ఆర్డర్లలో ఇదే పెద్దది.

"అది కాదు పెద్దమ్మా, లావుగా ఉంటేనే మేలు. అక్కడ పొద్దస్తమానం ఏసీ. పల్చన చేస్తే తీగల లాగుడుకి ఎప్పుడో కుంగుతుంది. మాట పడేది నేను."

"కుంగకూడదంటే పీట చేసిద్దాం. వచ్చినవాళ్ళు కూచుంటారు కూడా."

అతను చర్రున వెనక్కి తిరిగాడు. వెళ్ళి జిగురు గిన్నె స్విచ్చి వేశాడు. అడుగుపలకా, పక్కలూ అప్పటికే అతికించి బల్ల మీద ఉన్నాయి. ఈ పలక మూతలా పడిందంటే పెట్టె మూసుకుపోతుంది. ఆ తర్వాత లోపల చెయ్యి పెట్టే దారే లేదు.

జిగురు వేడిగా ఉంటేనే పని చేస్తుంది. పెద్దమ్మ లేచింది, నీళ్ళు తాగడానికన్నట్టు వెళ్ళి, తిరిగొస్తూ స్విచ్చి తీసేసింది. కాసేపటికి యజమాని గిన్నెలో వేలు పెట్టి చూసుకుని మళ్ళీ వేశాడు. ఈసారి ఆమె ఏకంగా ప్లగ్గు పీకి, గిన్నెకున్న కరెంటు తీగ కూడా ఊడదీసి, చుట్టచుట్టి జేబులో పెట్టుకుంది.

"ఇదేం పనే పెద్దమ్మా! చిన్నపిల్లవా?"

"నీకు ముడ్డి కడిగిన చేతులురా ఇవి. నాకు చెప్పొచ్చావు."

ఆ మాట నిజమే. అతను పుట్టినప్పుడు చెల్లెలికి సాయానికని వచ్చింది. పిల్లాడు నిద్రపోతే కార్ఖానాలోకొచ్చి ఊరికే ప్రశ్నలు వేస్తుంటే, నోరు మూయించడానికి మరిది చేతికో రేకు ఇచ్చాడు. నోరు మూతపడలేదు గానీ రేకు చేతిలో నిలిచిపోయింది. పెళ్ళయ్యాక భర్త మానెయ్యమన్నాడు. ఆయన సిటీబస్సు డ్రైవరు. "నువ్వు బస్సు మానెయ్యి, నేనిది మానేస్తా" అంది. ఇద్దరూ మానలేదు. గిటార్ల లోపల అంటించే చీటీ మీద మొదట మరిది పేరుండేది, తర్వాత కొడుకు పేరొచ్చింది. తన పేరు వెయ్యమని ఆమె ఏనాడూ అడగలేదు. "చీటీ చినిగిపోతుంది, చెక్క ఉంటుంది" అనేది. వాయించడం ఆమెకి రాదు, వాయించేవాళ్ళని పెద్దగా లెక్కచేసేదీ కాదు. ఒకసారి పేరున్న వాద్యగాడొకాయన ఆమె చెక్కినదాన్ని ఒళ్ళో పెట్టుకుని నాలుగు స్వరాలు పలికించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ముక్కు తుడుచుకో నాయనా, చెక్క మీద పడుతుంది" అంది.

మధ్యాహ్నం రొట్టె సగం తిని పక్కన పెట్టింది. ఎడమ చెయ్యి నిన్నటినుంచి బరువుగా ఉంది. మెట్లెక్కితే ఆయాసం. పొడిలో కూచునే పని మానెయ్యాలని డాక్టరు గట్టిగానే చెప్పాడు. "మానేస్తే?" అని అడిగింది. "ఇంకొన్నాళ్ళు ఉంటారు" అన్నాడు. "ఉండి ఏం చెయ్యను, మీ బల్ల గీకనా?" అని లేచొచ్చింది.

పలకని అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని గాలిలో వేలాడదీసింది. మడిచిన వేలి కణుపుతో నడుమ కొట్టింది. డబ్ మంది. తలుపు అవతలెవరో పిలుస్తున్నట్టు. ఇంకా అంచు కాలవలో ఉంది బరువంతా. అక్కడ ఒక్క పొర ఎక్కువ పోయిందంటే పలక నీరసపడిపోతుంది, తీసినదాన్ని తిరిగి పెట్టడం ఎవరి తరమూ కాదు. ఊపిరి బిగబట్టి గీకింది. కొట్టింది. మళ్ళీ గీకింది. పలకని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. అంచు చుట్టూ పల్చబడ్డ చెక్కలోంచి వెలుగు లేత నారింజ రంగులో దిగి, వేళ్ళ నీడలు కనబడ్డాయి.

ఈసారి కొడితే శబ్దం ఆగలేదు. గదిలో పరుచుకుని, గోడలదాకా వెళ్ళి, తీరిగ్గా చల్లారింది. పాలిష్ అతను గుడ్డ తిప్పడం ఆపేశాడు.

"ఒరేయ్, ఇలా రా" అంది పెద్దమ్మ. యజమాని వచ్చాడు. పలకని అతని చెవి దగ్గర పెట్టి కొట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఆమె జేబులోంచి తీగ లాక్కుని, వెళ్ళి ప్లగ్గు పెట్టాడు.

జిగురు కాగాక ఇద్దరూ కలిసే మూశారు. ఆరేలోపు బిగించాలి కనక మాటల్లేవు. అతను బిగింపు మర అందిస్తే ఆమె తిప్పింది, ఆమె కళ్ళతో చూపిస్తే అతను నొక్కాడు. చుట్టూ బిగింపులు పడ్డాక జారిన జిగురుని తడిగుడ్డతో తుడిచింది.

"గోడ మీదే వేలాడుతుంది కదా పెద్దమ్మా చివరికి" అన్నాడు అతను. ఎగతాళి కాదు, బాధగానే.

"వేలాడనీ. మూగదాన్ని చేసి మాత్రం పంపను. ఓ టీ చెప్పరా, గొంతు ఎండిపోయింది."

తలుపు దగ్గర స్టూలు మీద, గాలి తగిలేచోట కూచుని గోడకి ఆనుకుంది. పాలిష్ అతను టీ తెచ్చి పక్కన పెట్టి, "చల్లారిపోతుంది పెద్దమ్మా" అన్నాడు. ఆమె వీధి వైపే చూస్తోందనుకుని తన పనిలోకి వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ వీధిని చూడటం లేదు.

బస్సు డ్రైవరుగారొచ్చి, ఆమె కనుబొమల మీది పొడిని తన చేత్తో తుడిచాడు. "చెప్తే విందా ఎప్పుడైనా" అన్నాడు.

గిటార్‌కి రంగు వేశారు, మెడ అతికించారు. తీగలు లేకపోయినా పర్లేదన్నారు హోటల్ వాళ్ళు. యజమాని కొత్త తీగలు వేసి, శ్రుతి చేసి మరీ పంపాడు.

పదిరోజులకి హోటల్ మేనేజరు ఫోను చేశాడు.

"ఏమండీ, మీ గిటార్ గోడ మీద ఉండి దానంతటదే మూలుగుతోంది. ఎవరైనా గట్టిగా నవ్వినా, దగ్గినా వెంటనే అందుకుంటోంది. వచ్చినవాళ్ళు ఉలిక్కిపడుతున్నారు. తీగలు వదులు చెయ్యడానికో మనిషిని పంపండి."

"పంపనండి."

"అదేంటి?"

"దాన్ని చేసినావిడా అంతే. ఊరుకోమంటే ఊరుకునే రకం కాదు."

ఫోను పెట్టేశాడు. ఆ హాల్లో అద్దాల తలుపుకి ఎదురుగా, ఎవరి చెయ్యీ అందని ఎత్తున ఉంది ఆ తేనెరంగు గిటార్. కింద ఎవరి పెట్టె జారిపడినా, ఏ పసిపిల్ల కేక పెట్టినా, సన్నగా బదులు పలుకుతూనే ఉంటుంది.