ఆటకెళ్ళిన తల్లులు

"అల్లం దంచావటే? ఆ అమ్మాయొచ్చేసింది" అని వీధరుగు మీంచి కేకేశారు చంద్రరావు గారు. వంటింట్లో ఆయన భార్య మాణిక్యాంబ దంచుతానే ఉంది. యాభయ్యేళ్ళ బట్టీ ఆ చెయ్యి దంచుతానే ఉంది మరి.

వచ్చింది లైబ్రరీలో పనిచేసే గీతిక. సామర్లకోటలో పూర్వం రాత్రిళ్ళు ఎలా గడిచేవో, ఆ డేరా నాటకాలూ, రెండో ఆట సినిమాలూ అన్నీ పెద్దవాళ్ళ నోట చెప్పించి, లైబ్రరీవాళ్ళు ఫోన్లో రికార్డు చేసి దాస్తన్నారంట. డేరా పక్కన, ఈ ఇంట్లోనే నడిపిన చంద్రరావు గారి అట్ల హోటలంటే తెలియనోడు లేడు. అంచేత ముందు ఆయన దగ్గరికే వచ్చింది.

"తెల్లార్లూ జనమేనండి. నా చట్నీ కోసం కాకినాడ నించి వచ్చేవారు" అంటున్నారు ఆయన.

నా చట్నీ! నూరిందెవరో రోలుకి తెలుసు. మాణిక్యాంబకి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

"ఆడవాళ్ళు కూడా వచ్చేవారా తాతగారూ? చంటిపిల్లలతో ఎలా కూర్చునేవారు?"

"అప్పటి పిల్లలు బుద్ధిమంతులమ్మా. ఏడ్చేవారు కాదు."

దంచే చెయ్యి ఆగిపోయింది.

ఏడ్చేవారు కాదా? ఆ ఏడుపంతా ఈ వంటింట్లోనే కదా. డేరాలో పిల్ల కిక్కురుమంటే చాలు, "బయటికి తీసుకుపోవే" అని మగాళ్ళు ఒకటే అరుపులు. ఊడుపులకెళ్ళే పాపాయి అనే ఆవిడ ఒకరోజు ఏడుపుమొహంతో వచ్చి, "మాణిక్యక్కా, కాస్త చూడవా" అని పిల్లని ఒళ్ళో పడేసి మళ్ళీ ఆటకి పోయింది. మర్నాటికి ఇద్దరు, నెల తిరిగేసరికి ఎనిమిదిమంది. ఎవరి చీర పీలిక వాళ్ళ పిల్ల కాలికి గుర్తుగా కట్టేవారు. ఓసారి పాపాయీ వీరమ్మా ఒకే చీరల మూటవాడి దగ్గర ఒకే రకం చీరలు కొన్నారు. పాపాయి ఇంటికెళ్ళి గుడ్డ విప్పి, "ఓలమ్మో, నా ఆడపిల్ల మగపిల్లాడైపోయాడే" అని పరిగెత్తుకొచ్చింది! తెల్లారేదాకా నవ్వులే నవ్వులు. చేత్తో అట్టు తిరగేస్తా, కాలితో ఉయ్యాల ఊపేది మాణిక్యాంబ. "ఇది హోటలా, పిల్లల సంతా? ఊరి బరువంతా నీకెందుకే" అని ఈయన సణిగేవారు. డేరా పది బారల దూరం. తను ఒక్క ఆటా చూళ్ళేదు. కానీ మర్నాడు కుళాయి దగ్గర ఒక్కొక్కత్తీ తనకి ఒక్కో ఘట్టం చెప్పాలి, అదీ పద్ధతి. బిందె నిండినా కదిలేవారు కాదు. ఓ నాటకంలో మొగుడు గెంటేస్తే ఆ పిల్ల ఏం చేసిందే అని తనడిగితే, "చెంబు తీసుకుని చక్కా పోయిందక్కా, వెనక్కి చూసిందా ఏంటి" అంది పాపాయి. ఎన్నో ఏళ్ళకి టీవీలో ఆ కథే వచ్చింది. అందులో పిల్ల మొగుడి కాళ్ళ మీద పడింది. మాణిక్యాంబ టీవీ కట్టేసింది. పాపాయి చెప్పిందే ఖాయం చేసుకుంది. పదిహేనో ఏట పెళ్ళై వచ్చి, ఎవరూ తెలియని ఊళ్ళో పొయ్యి ముందు కూలబడ్డ పిల్ల తను. అక్కా అని పిలిచి మనిషిని చేసింది వాళ్ళే. ఎంత పుణ్యం చేసుకుందో!

"బామ్మగారిని కూడా అడగనా?" అంటోంది గీతిక.

"దానికేం తెలుసమ్మా? వంటిల్లు దాటితేగా."

మాణిక్యాంబ రోకలిబండ పక్కన పెట్టింది. చెయ్యి చెంగుకి తుడుచుకుని, ఉత్తి చేతుల్తో వచ్చి ఫోన్ ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"ఏవండీ, అల్లం దంచాను. టీ మీరు పెట్టండి."

ఆయన కండువా దులుపుకుని లోపలికెళ్ళారు.

"మీ పేరు చెప్పండి బామ్మగారూ."

"ముందు వాళ్ళవి రాసుకో తల్లీ. పాపాయి. వీరమ్మ. మిల్లు వెనకాల బుల్లెమ్మ. ఊళ్ళోవాళ్ళన్నట్టు మాల్దొడ్డి అని రాయకు, చర్చి వీధి కృపారాణి..."

"ఏమే, పంచదార ఎక్కడుంది?" లోపల్నించి కేక. అంతకాలం హోటల్ నడిపిన మనిషి!

మాణిక్యాంబ లేవలేదు. "వెతుక్కోండి" అని, ఫోన్ వైపు ఇంకాస్త వంగింది.

"ఆఁ, పిల్లలు ఏడ్చేవారమ్మా. బాగా ఏడ్చేవారు. అక్కణ్ణించి మొదలెట్టు."