కొండమ్మ పట్టిచ్చిన నీళ్లు

గుంటూరులో కాలుష్యం సంగతులు చూసే ఆఫీసుకు సంతోషకుమారి రావడం అది మూడోసారి. మొదటిసారి ఆఫీసరు క్యాంపులో ఉన్నాడన్నారు. రెండోసారి ఆఫీసరు ఉన్నాడు గాని బీరువా తాళం క్యాంపుకు వెళ్లిందన్నారు. మూడోసారి ఆమె బడికి సెలవు పెట్టి, సత్తెనపల్లిలో మొదటి బస్సెక్కి, తలుపులు తియ్యకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది.

గుమాస్తా గురునాథం చెడ్డవాడు కాదు. ఆఫీసు పెట్టిన దగ్గర్నుంచి నీళ్ల పరీక్షల రిజిస్టరు చూపించమని అడిగిన మనిషి లేకపోవడంతో, చూపించవచ్చో లేదో ఆయనకే తెలియదు. తెలియనప్పుడు కుదరదనెయ్యడం గుమాస్తాలకు అలవాటే.

“రిజిస్టరు ఆఫీసుదమ్మా. బయటివాళ్లకు చూపించం.”

“మిల్లు నీళ్లు మా బావిలోకి దిగుతున్నాయండి. అట్లా నష్టపోయినవాళ్లు ఆఫీసు వేళల్లో వచ్చి చూసుకోవచ్చని చట్టంలోనే ఉంది. ప్లీడరుగారి దగ్గర చూసి రాసుకొచ్చాను” అని ఆమె నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టింది.

ఆయన రెండుసార్లు చదివాడు. లోపలికెళ్లి ఆఫీసరును అడిగి వచ్చాడు. బీరువా అడుగు అర నుంచి లావుపాటి పుస్తకం లాగి, తుండుగుడ్డతో దుమ్ము దులిపి ఆమె ముందు పెట్టాడు.

అది 1987 మార్చి. సంతోషకుమారి దిగులంతా నెలాఖరు గురించే. వాళ్ల పాలెం పక్కన నూలుకు రంగులద్దే మిల్లు ఉంది. దాని మురుగు వాగులోకి వదులుకోవడానికిచ్చిన అనుమతి నెలాఖరుతో ముగుస్తుంది. బావి నీళ్లు చెడ్డవని రిజిస్టరులో ఉంటే అనుమతి ఆగుతుంది, మంచివని ఉంటే ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. నలభై గడపల పాలేనికి ఉన్నది ఆ ఒక్క బావే. ఆ నీళ్లలో జాడిస్తే తెల్లచీర ఎర్రబారుతోంది. ఆమె బళ్లో పిల్లలు పలకలు పక్కన పెట్టి ఒళ్లు గోక్కుంటున్నారు. ఆమె అర్జీ మీదే ఫిబ్రవరిలో ఎవరో ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చి, పరీక్షకు సీసాడు నీళ్లు పట్టుకెళ్లాడు. అప్పుడామె బళ్లో ఉంది.

పేజీ దొరికింది. పాలెం బావి. రంగు లేదు. వాసన లేదు. నీరు తాగుటకు యోగ్యము.

సంతోషకుమారికి ఒళ్లు మండిపోయింది. “వాసన లేదా? మిల్లువాళ్లు చెప్తే రాశారా ఇది?”

గురునాథం ఆ మాటకు నొచ్చుకున్నాడు. “నోరు జారకండమ్మా. నీళ్లు మీ ఊరివే. ఇచ్చిన మనిషి పేరు కూడా రాసుంది, చూడండి” అని చివరి గడి మీద వేలు పెట్టాడు.

నీరు ఇచ్చినవారు: కొండమ్మ.

కొండమ్మ సంతోషకుమారి అత్తగారు. ఆ పేరు చూడగానే ఆమెకు జరిగిందంతా తెలిసిపోయింది. ఇంట్లో ఒక మూలన మూతపెట్టిన ఇత్తడి బిందె ఉంటుంది. రెండు మైళ్లు నడిచి సాగర్ కాలువ నుంచి తెచ్చే నీళ్లు అందులో ఉంటాయి. ఇంట్లోవాళ్లు వాటిని ముట్టుకోరు. పాస్టరుగారికో, ఇంటికొచ్చిన చుట్టాలకో తప్ప ఆ మూత తియ్యరు. బావి చెడిన దగ్గర్నుంచి పాలెంలో ప్రతి ఇంట్లోనూ అలాంటి బిందె ఒకటి ఉంది.

“నీళ్లు పట్టుకొచ్చినాయన బావి దాకా పోలేదాండి?” అని అడిగింది సన్నగా.

గురునాథం కిటికీ వైపు చూశాడు. “ఎండ కదమ్మా” అన్నాడు. మళ్లీ తనే చెప్పాడు. “రిజిస్టరులో కొట్టెయ్యడం ఉండదు. ఇచ్చిన మనిషే వచ్చి, అవి బావి నీళ్లు కావని చెబితే దాని కిందే రాస్తాం. అప్పుడు నెలాఖరులోగా మళ్లీ నీళ్లు పట్టక తప్పదు.”

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కొండమ్మ వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కోడలు చెప్పిందంతా విని చేతిలో కాయ కింద పెట్టేసింది.

“పరీచ్చకని నాకేం తెలుసమ్మాయ్. నేను ఇంటికొచ్చేతలికి ఆయన మన మంచం మీద కూర్చోనున్నాడు. సీసా ఇచ్చి, ‘మీరు తాగే నీళ్లే పట్టివ్వమ్మా’ అన్నాడు. కులం చూసి మనింటో నీళ్లు ముట్టనోళ్లని ఎంతమందిని చూశానూ. ఆయన అట్టా అనేతలికి నాకు ప్రాణం లేచొచ్చింది. దారిలో తాగడానికనుకున్నా. అట్టాంటి మడిసికి ఆ కంపునీళ్లెట్టా పొయ్యను?”

సంతోషకుమారికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆ సీసా తన చేతికిచ్చినా బహుశా తనూ ఆ బిందె మూతే తీసి ఉండేది.

“నువ్వొచ్చి చెప్పాలి అత్తమ్మా. చెప్పకపోతే ఇంకో రెండేళ్లు పిల్లలు అయ్యే తాగాలి.”

కొండమ్మ కింద పెట్టిన కాయ మళ్లీ తీసుకుని తొడిమ విరిచింది. ఆమె ఇచ్చిన నీళ్లను ఇంతవరకు ఎవరూ తప్పుబట్టలేదు. చివరికి, “పొద్దున బస్సెన్నింటికి?” అంది.

మర్నాడు గురునాథం కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. చెప్పాల్సింది నిలబడే చెప్పింది. ఆయన ఆ పేజీ కిందే రాసి చదివాడు. “పాలెం బావి పేరున పరీక్షకు ఇచ్చిన నీరు సాగర్ కాలువది. బావిది కాదు. ఇచ్చినది కొండమ్మ.” ఎల్లుండి మనిషి వస్తాడనీ, ఈసారి బావి దగ్గరికెళ్లి తనే తోడుకుంటాడనీ చెప్పి, సిరా పెట్టె ముందుకు జరిపాడు.

కొండమ్మ బొటనవేలు సిరాలో అద్దింది గాని కాగితం మీద పెట్టలేదు.

“ఈ పుస్తకం ఎవురైనా సూడొచ్చంట గదా బాబూ?”

“చూడొచ్చమ్మా.”

వేలిముద్ర వెయ్యనంటుందేమోననుకుంది సంతోషకుమారి. అనదలుచుకుంటే అనడానికి ఆమెకు హక్కుంది.

“అయితే ఉత్త కొండమ్మ అని రాయబాకండి” అంది కొండమ్మ. “మా పాలెంలో కొండమ్మలు ఇద్దరున్నారు. రెండో ఆమె పాపం ఆ రోజు కాయకోతకి పోయింది. సదివినోళ్లు ఆమెననుకుంటారు. జక్రయ్య పెళ్లాం కొండమ్మ అని రాయండి.”

గురునాథం ఆ మాటలు చేర్చి, మళ్లీ మొదటి నుంచి చదివి వినిపించాడు. అప్పుడు వేసింది వేలిముద్ర.