మెయిన్ రోడ్డు దాకా మగ్గం

కర్నూలులో అయితే పెరుగు ప్యాకెట్టు కూడా మూడో అంతస్తు ఎక్కి వచ్చి తలుపు కొడుతుంది. ఒంటిమిట్ట దాటినాక లోపలికుండే ఎర్రగుట్టపల్లెకు ఆ భాగ్యం లేదు. సరుకుల వ్యాను మెయిన్ రోడ్డు మీదే ఆగి ఫోన్ చేస్తుంది. అందుకే ఈ ఊళ్లో ఫోన్ మోగితే, పిలుపు వచ్చిన ఇల్లు గోడలతో సహా లేచి దుమ్ము దులుపుకుని కంకర దారి పడుతుంది. కందిపప్పో సబ్బులో మిక్సీయో తీసుకుని తిరిగొచ్చి తన చోట కూర్చుంటుంది. పొయ్యి మీద పాలుంటే కాస్త మెల్లగా నడుస్తుంది, అంతే. పట్నం ఇళ్లకు ఒళ్లు వంగదని ఊరివాళ్ల అభిప్రాయం. అందులో అబద్ధమేమీ లేదు.

సుబ్బక్క ఇల్లు మాత్రం ఎన్నడూ కదల్లేదు. ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క గుంటమగ్గం ఆ ఇంట్లోనే ఉంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని ఆమె కొడుకు కేశవ నేస్తాడు. గుంటను వదిలి ఇల్లు ఎట్లా పోతుంది? సరుకులకు సుబ్బక్కే సంచి పట్టుకుని పోయేది.

ఆ రోజు మగ్గం మీదున్నది కర్నూలు పెళ్లివారి చీర. ఫోన్లో ఫొటో చూసి అడిగారు, మధ్యాహ్నం వ్యానుకు పంపకపోతే వద్దన్నారు. ఈ బేరం కూడా పోతే మగ్గం మూసేసి, కర్నూలులో బావ ఉమామహేశ్వర చూసిపెట్టిన డెలివరీ పనిలో చేరాలని కేశవ తేల్చుకున్నాడు. అదేం తప్పు పని కాదు. కానీ చేతిలో ఇంత విద్య పెట్టుకుని ఊరోళ్ల ఉప్పూపప్పూ మోయడమేమిటని సుబ్బక్క గుండె తరుక్కుపోయింది.

కొంగు ఇంకా జానెడు ఉండగానే ఫోన్ మోగింది.

"ఏమప్పా, చీర అయిందా?" అన్నాడు వ్యాను డ్రైవరు వసంతకుమార్.

"నేస్తాండా అన్నా. రోంత ఆగు."

"యాడ ఆగేది? కడపలో కర్నూలు లారీ అందుకోవాల. టీ తాగి పోతా, అంతే."

ఊరి నుంచి రోడ్డుకు నడిచేందుకే ఆ సమయం చాలదు. కేశవ చేతులు ఆగిపోయాయి. సుబ్బక్క లేచి గోడను అరచేత్తో చరిచింది.

"ఊర్లో ఇండ్లన్నీ నడుస్తాంటే నువ్వొక్కదానివే కూచునుండావు! నా కొడుకు పోతే నీలో ఎవురుంటారే?"

దూలాలు కిర్రుమన్నాయి. మట్టిపెళ్లలతో సహా గుంటను పెకలించి, బిడ్డను చంకకెత్తుకున్నట్టు ఎత్తుకుని ఇల్లు లేచింది.

"దారి నేను చూసుకుంటా. నాడె ఆపొద్దు నాయనా," అంది సుబ్బక్క గడప మీద నిలబడి.

కేశవ మళ్లీ పోగుల మధ్య నాడె విసురుతూ నేతలో పడ్డాడు. ఇల్లు వేరుశెనగ చేల మధ్య పెద్ద అంగలేసుకుంటూ నడిచింది. కలుపు తీస్తున్నవాళ్లు మగ్గం చప్పుడు విని తలెత్తి దారిచ్చారు. మెయిన్ రోడ్డు చేరేసరికి ఆఖరి పోగు పడింది. కేశవ చీర కోసి, మడిచి, కిటికీలోంచి అందించాడు.

వసంతకుమార్ టీగ్లాసు పక్కనపెట్టి అంచు నిమిరాడు. "శానా బాగుండాదప్పా. ఇల్లు రోంత పక్కకు జరుపు, బస్సొస్తాంది."

"నా కొడుకు నేసింది!" అంది సుబ్బక్క, బస్సులో వాళ్లందరికీ వినపడేటట్టు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

వ్యాను కదిలాక కేశవ బావకు ఫోన్ చేశాడు.

"ఎప్పుడొస్తాండావు?" అన్నాడు ఉమామహేశ్వర.

"కర్నూలుకు నేను రాను బావా," అన్నాడు కేశవ. "నా చీరలొస్తాయి."