రాముడి పేరు పక్కన పచ్చచుక్క

మా నాన్న శవమై కళింగపట్నం ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు ఎవరో ఫొటో తీశారు. సాయంత్రానికి ఆ ఫొటో జిల్లా అంతా ఫోన్లలో తిరిగింది. గరివిడిలో మా పక్కింటావిడ దాన్ని నాకే చూపించింది, "మీ ఊరి వైపే కదండీ, పాపం" అంటూ. అందులో ఉన్నది మా నాన్న అని ఆమెకు తెలియదు.

ఏడాది తిరిగాక, ఇకమీదట మా కుటుంబం ఫొటోలూ మాటలూ మా ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టాను. మా ఆయన భాస్కర్ ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటారు. పాతది ఒకటి తెచ్చి బీరువా పక్కన పెట్టి, మావాళ్లు మాత్రమే ఫోన్లలో తెరుచుకునేలా ఒక సైటు కట్టారు. అందులో సగం వికీ. తలా ఒక పేజీ, తెలిసినవాళ్లు తెలిసింది రాయవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. మిగతా సగం ఫోరం. ఆ మాట నోరు తిరగక మావాళ్లు దానికి 'ఒడ్డు' అని పేరు పెట్టుకున్నారు. వలలు బాగుచేసుకుంటూ కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు మాకు అదే మరి.

కాపలా నాది. ఎవరిదో చెప్పకుండా ఫొటో పెడితే ఒప్పుకోను. రాయడం రానివాళ్లు గొంతుతో పెట్టిన మాటల్ని ఏ రోజువి ఆ రోజే విని, కింద అక్షరాల్లో రాస్తాను.

"ఎడ్మాస్టరమ్మవి కావలసినదానివే. పొయ్యికాడ పడిపోనావు" అని మా అన్నయ్య రాముడు వెక్కిరించేవాడు.

భాస్కర్ ఆ వికీలో ఒక ఏర్పాటు చేశారు. పేజీలో చనిపోయిన తేదీ వేయగానే, ఫొటోకి తనంతట అదే బంతిపూల దండ పడుతుంది. మొదటి దండ నాన్నకి పడింది. మా పెదనాన్న అసిరయ్య అది చూసి కళ్లు తుడుచుకుని, "వాడిపోని దండేసినావురా అల్లుడా" అన్నాడు.

అన్నయ్య మా ఊరి మగవాళ్లు చాలామందిలాగే గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి, అక్కడి పెద్ద బోట్ల మీద పనిచేసేవాడు. ఒడ్డున కొద్దిరోజులు, మళ్లీ సముద్రంలోకి. సముద్రంలో ఫోను అందదు. అందుకని మా వదిన కూర్మమ్మ ఒడ్డులో అతని కోసం విడిగా ఒక చోటు అడిగి తెరిపించుకుంది. ఆమెకు చదువు రాదు. రోజూ గొంతుతోనే చెప్పి పెట్టేది. ఇవాళ అలలు ఎలా ఉన్నాయి, ఏ చేప పడింది, కుళాయి దగ్గర ఎవరితో తగువైంది, అన్నీ. అన్నయ్య ఒడ్డుకి రాగానే ఒక్కసారిగా వినేవాడు. అతను తెరిచినంతసేపూ పేరు పక్కన పచ్చచుక్క వెలిగేది. విన్న మాట కింద టిక్కు పడేది. ఆ రెండు గుర్తులూ వదిన చదవగలదు.

తుఫాను గాలికి అన్నయ్య ఎక్కిన బోటు తిరగబడింది. మిగతావాళ్లను వేరే బోటువాళ్లు పైకి లాగారు. అన్నయ్య దొరకలేదు. వెతికి వెతికి మానేశారు.

వదిన మాత్రం మాట్లాడి పెట్టడం మానలేదు.

"మావా, ఇయ్యాల సందువాలు పడ్డాయి. పులుసెట్టినాను. నువ్వు నేవు, సగం పిల్లి తినీసింది."

నేను అది విని అక్షరాల్లో రాసి పెట్టేలోగానే ఫోను మోగేది.

"ఒసే శైలూ, మీ అన్న తెరిసినాడేటే?"

"లేదు వదినా."

"సర్లే. సిగ్నలుండదు అక్కడ."

పెదనాన్న ఓపిక అయిపోయింది. శవం దొరకనివాళ్లకు మావాళ్లు గడ్డితో మనిషిని కట్టి, ఒడ్డున దహనం చేసి, కర్మ జరిపిస్తారు. అది జరగందే పోయినవాడికి దారి ఉండదని ఆయన భయం.

"ఎన్నాళ్లే ఇది? ఆడి పేణం ఎక్కడ తిరుగుతన్నాదో! ముందల నువ్వా ఫొటోకి దండేసీ. అది సూస్తే కూర్మికి తెలుస్తాది."

"వదినని అడిగి వేస్తాను పెదనాన్నా."

"దాన్నడిగితే ఒప్పుకుంటాదేటి? నువ్వు సదువుకున్నదానివి, నువ్వేసీ."

"తేదీ తెలియకుండా ఎలా వేస్తాను?"

నేను అన్నది నిజమే. కాని తేదీ తెలిసినా వేసేదాన్ని కాదేమో. కూర్మమ్మ వదిన అడిగిన ప్రతిసారీ 'లేదు' అనే ముందు, నేను కూడా ఒకసారి తెరిచి చూసేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం వరండాలో కూర్చుని మినపప్పు చెరుగుతున్నాను. చేయి ఖాళీ అయినప్పుడు అలవాటుగా ఫోను చూశాను. రాముడి పేరు పక్కన పచ్చచుక్క. చేటను నెమ్మదిగా కింద పెట్టాను. ఎందుకో చప్పుడు చేయకూడదనిపించింది. ఆ చుక్క ఎక్కడి నుంచి వెలిగిందో చూడమందామని భాస్కర్‌ని లేపబోతుంటే ఫోను మోగింది.

"ఒసే! సూసినావా? తెరిసినాడే! మీ అన్న తెరిసినాడే!"

"చూశాను వదినా. తొందరపడకు. ఎవరు తెరిచారో కనుక్కోనీ."

"ఎవులు తెరుస్తారే? తాళం మాట ఆడికొక్కడికే ఎరిక. నాక్కూడా సెప్పనేదు, దొంగసచ్చినోడు…" అని నవ్వింది. అంతలోనే నాలిక కరుచుకుంది. "సచ్చినోడంటన్నాను సూడు, నా నోరు పడ! ఉండు, ఉండు, పలకరిస్తాను."

క్షణాల్లో ఆమె గొంతు ఒడ్డులోకి వచ్చింది.

"మావా, తెరిసినావు గదా. పలకవేటి? ఎక్కడున్నావు? పలుకు."

నేను చూస్తుండగానే దాని కింద టిక్కు పడింది. ఎవరో విన్నారు. అన్నయ్య ఏదో తెలియని ఊళ్లో, ఏదో ఆసుపత్రి మంచం మీద, ఫోను చెవికి పెట్టుకుని ఉన్నట్టు నాకు కనిపించింది. అతని గడ్డం పెరిగి ఉండటం కూడా కనిపించింది.

మళ్లీ వదిన ఫోను చేసింది.

"ఇన్నాడే! టిక్కడ్డాది! మరి పలకడేటి? కోపమొచ్చినాదంటావా? బయల్దేరినప్పుడు దెబ్బలాడినానులే…"

ఆమె మాటల వెనక తలుపు చప్పుడైంది. ఎవరో మగమనిషి "వొదినా" అన్నాడు. గొంతు గుర్తుపట్టాను. కొండబాబు. వెనకవీధి కుర్రాడు. వేరావల్‌లో బోటు వేరైనా, అన్నయ్యతో ఒకే గదిలో ఉండేవాడు.

"ఒరే కొండబాబూ! ఎప్పుడొచ్చినావురా? మీ అన్న తెరిసినాడు, ఎరికేనా? ఇప్పుడే నా మాటిన్నాడు."



"ఇన్నది నాను వొదినా."

"ఏటి?"

"ఇది అన్న ఫోనే. బేటరీ నిలబడతల్లేదని గదిలో ఒగ్గీసి ఎల్లినాడు. సంచీతోపాటు నీకిచ్చీద్దామని తెచ్చినాను. పొద్దున్నే రైలు దిగినాను. ఇచ్చీముందల సార్జింగెట్టి, నా ఫోన్నుంచి నెట్టిచ్చినాను, ఫొటోలేవైనా ఉన్నాయేమోనని. మీ ఇంటిదేదో తనే తెరుసుకున్నాది. గంట మోగితే నొక్కినాను. నీ గొంతొచ్చినాది. 'పలుకు, పలుకు' అని… మా ఇంట్లో అందరూ బయిటికి పరిగెట్టీసినారు వొదినా."

ఏడుపు వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు.

"కూకో" అంది వదిన. "అన్నం తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం. రైలు దిగి ఏటి తింటావు?" గిన్నె మూత తీసిన చప్పుడు. నేను ఫోనులో ఉన్న సంగతి ఆమె మరిచిపోయింది. "ఒరే, నానెట్టినవి మీ అన్న ఇనేవోడేనా?"

"ఒక్కడే ఏటి? గదిలో అందరం ఇనీవోళ్లం. గట్టిగా పెట్టీవోడు. నువ్వు పులుసు సంగతెత్తితే ఆకలికి తట్టుకోనేక, ఆపరా ఎదవా అని తిట్టీవోళ్లం."

"నా తగువులు కూడానా?"

"అవే ముందల."

"సిగ్గునేదు మనిసికి" అంది వదిన. ఆ తర్వాత చాలాసేపటికి ఆమె గొంతు ఫోనుకి దగ్గరగా వచ్చింది. "శైలూ, ఉన్నావా? పెదమావకి సెప్పు. ఏటి సేస్తారో సేసీమను."

నేను ఫోను పెట్టేసి ఒడ్డు తెరిచి చూస్తే చుక్క ఇంకా పచ్చగానే ఉంది. చేట నిండా పప్పు అలాగే ఉంది.

కర్మకి మేమిద్దరం వెళ్లాం. గడ్డిమనిషికి తొడగడానికి పెదనాన్న పెట్టెలోంచి అన్నయ్య తెల్లచొక్కా తీశాడు. వదిన లేచి వచ్చి దాన్ని చేతిలోంచి తీసుకుంది.

"ఇది బాగున్నాది. పాతది తొడగండి."

గళ్ల చొక్కా ఇచ్చింది. కాల్చేసేదానికి కొత్తదెందుకని కాబోలు అనుకున్నారంతా. తెల్లచొక్కాను ఆమె మడిచి మళ్లీ పెట్టెలో పెట్టడం నేను చూశాను. మడత విప్పి, సరిగా రాలేదని మళ్లీ మడిచింది.

గాజులు తీయించిన సాయంత్రం, పెదనాన్న కూర్చుని ఉండగానే అన్నయ్య పేజీలో బోటు తిరగబడిన తేదీ వేశాను. దండ పడింది. వదిన నా భుజం మీదుగా వంగి చూసింది.

"నవ్వుతన్న ఫొటోకేసినావు" అంది.

గరివిడి వచ్చిన మర్నాడు భాస్కర్ కంప్యూటరు ముందు కూర్చుని, "రాముడి అకౌంటు మూసేస్తున్నాను. మళ్లీ ఎవరైనా ఫోను తెరిస్తే ఇదే గొడవ" అన్నారు.

"మూసేయండి" అన్నాను.

ఆయన ఆ పనిలో ఉండగా నా ఫోను గంట మోగింది. అన్నయ్య కోసం తెరిచిన చోట వదిన గొంతు. ఎప్పటిలాగే విన్నాను.

"మావా. నీకు కర్మ సేసీసినారు. గడ్డిమనిసికి నీ గళ్ల సొక్కా తొడిగినారు, సేతులు పొడుగైపోనాయి. నువ్వు సూస్తే నవ్వుదువు. పెదమావ ఏడిసీసినాడు. నా గాజులు తీసీసినారు. సేతులు తేలిగ్గున్నాయి, గిన్నెలు తోమితే సప్పుడు నేదు. బోజనాల పప్పులో ఉప్పు సాల్నేదు. కొండబాబు ఆడిదీ పక్కోడిదీ కూడా తినీసినాడు. నీ ఫోను నా కాడే ఉన్నాది. నాను సెప్పకపోతే నీకెవులు సెప్తారని సెప్తన్నాను. ఇది మాత్రం గదిలో ఎవులకీ ఇనిపించకు."

"మూసేయనా?" అన్నారు భాస్కర్, వెనక్కి తిరగకుండానే.

"వద్దు. ఉండనివ్వండి."

"ఎన్నాళ్లు?"

నాకు తెలియదన్నాను.