కింద పెట్టిన కత్తి

పమేలా ఒంటికి ఇంత సెంటు పూసుకుని ఎందుకొస్తుందో, కత్తితో పొడవడానికి వచ్చే మనిషికి సెంటెందుకు, అయినా అది చెక్క కత్తేగా, మొన అరిగిపోయి పిల్లలాడుకునే బొమ్మలా ఉంది, ఎదురింటి స్నేహితురాలేగా పాపం, నేను మూలన కూర్చుని కుళ్ళిపోతున్నానని ఈ కత్తిపోటు కాచుకునే క్లాసుకి లాక్కొచ్చింది, మా రైస్‌థార్ప్ పేట ఆడవాళ్లు సగం మంది ఇక్కడే ఉన్నారు, చర్చి హాల్లో కుర్చీలు గోడకి జరిపేసి పేము బెత్తాలు టకటకలాడిస్తున్నారు, వచ్చే వారం ఓట్లు, ఈ దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లూ మేమూ అందరం వేసే మొదటి ఓట్లు, ఏమవుతుందో ఏమోనని జనం డబ్బా చేపలూ కొవ్వొత్తులూ కొని మంచాల కింద దాచుకుంటున్నారు, చెయ్యి చూడు గ్లాడిస్, మొహం కాదు, అంటున్నాడు లెస్లీ మాస్టరు, మా ఆయన వాల్టర్‌కీ ఇదే చెప్పేవాడు, ఈ హాల్లోనే, ఆ కిటికీ పక్కనే, చూస్తున్నాను లెస్లీ, చేతినే చూస్తున్నాను.

ఆ కిటికీ పక్కన నిలబడి వాల్టర్ మెడ తుడుచుకునేవాడట, నేనెప్పుడూ చూడనే లేదు, లెస్లీ డర్బన్ రేవులో పనిచేసే రోజుల్లో ఎవరో ఫిలిప్పీన్స్ ఓడ మనిషి దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడని, దీన్ని కాలీ అంటారని వాల్టర్ ఇంటికొచ్చి చెప్పగానే మా అత్త వయొలెట్‌కి గుండె ఆగినంత పనైంది, బాప్టిస్టు ఇంట్లో కాళి పేరేటిరా అయ్యా అని అక్కడికక్కడే ప్రార్థన మొదలెట్టింది, ఆ కాళి కాదమ్మా, ఇది వేరే, అంటూ వాల్టర్ నవ్వీ నవ్వీ చొక్కా మీద టీ ఒలకబోసుకున్నాడు, సాలెపురుగుని కూడా కాగితం మీద ఎక్కించి బయట వదిలే మనిషి, ఈయనకి కత్తులెందుకని నేను దెప్పేదాన్ని, అవతల లోయలో ఇళ్లు తగలబడుతున్నాయి, దుకాణాల్లోకి ఎవరెవరో జొరబడుతున్నారు, నీ దాకా ఏదీ రాకూడదనే గ్లాడిస్, అనేవాడు, నా దాకా వచ్చిందిగా వాల్టర్.

ఇంకోసారి, ఈసారి పమేలా మెల్లగా పొడుస్తుంది, అంటున్నాడు లెస్లీ, పొడవనీ, వంటింట్లో నేనూ మెల్లగానే పొడిచేదాన్ని, రాత్రి అన్నాలయ్యాక వాల్టర్ బల్ల తుడిచి చెక్క కత్తి నా చేతికిచ్చి రా, నన్ను పొడువు, అనేవాడు, నాకు సిగ్గు, నా మణికట్టు ఒడుపుగా తిప్పేసరికి కత్తి ఆయన చేతిలో ఉండేది, నొప్పి పుట్టిందా అని అడిగేవాడు, ఎప్పుడూ పుట్టలేదు, మళ్ళీ చేద్దామని కత్తి నా చేతిలో పెట్టబోతే మూల కూర్చుని పప్పు ఏరుకుంటున్న మా అత్త గయ్‌మనేది, సేతికియ్యకురా, కింద ఎట్టు, తగువొస్తాది, చెక్కదేనమ్మా అన్నా వినేది కాదు, ఉప్పూ కత్తీ ఒకరి చేతి నుంచి ఒకరి చేతిలోకి వెళ్లడానికి వీల్లేదు, మా ఇంట్లో తెలుగు ప్రార్థనలోనూ తిట్లలోనూ ఇలాంటివాటిలోనూ తప్ప మిగల్లేదు, సరే అమ్మా అని ఆయన కత్తి బల్ల మీద పెట్టి ఒకడుగు వెనక్కి వేసి నిలబడేవాడు, నేను తీసుకునేదాన్ని, మళ్ళీ పొడిచేదాన్ని, ఎన్ని రాత్రులో, ఆ వంటింట్లో ఇప్పుడు లైటు వేయబుద్ధి కాదు.

ఫిబ్రవరిలో, పట్టపగలు, ఆయన పనిచేసే హార్డ్‌వేర్ దుకాణంలో, గల్లా దగ్గర కూర్చునే వెలరీ కళ్ళారా చూసింది, లోపలికొచ్చినవాడు కత్తి దూశాడట, వాల్టర్ కత్తి ఎంత సులువుగా లాక్కున్నాడో ఆంటీ, అని చెప్పింది, లాక్కుని, కౌంటర్ మీద పెట్టేశాడట, వాడి ముందే, పెట్టి వెనక్కి జరిగాడట, వాడు తీసుకున్నాడు, ఎందుకు పెట్టావయ్యా, ఎందుకు పెట్టావు, ఓటు రోజుకని ఇస్త్రీ చేయించుకున్న తెల్ల చొక్కా తొడిగి పెట్టెలో పడుకోబెట్టాం నిన్ను, పాస్టరేమో వాల్టర్ శత్రువుని క్షమించాడన్నాడు, మా మరిది భయంతో మతిపోయిందన్నాడు, నేనలా నేర్పలేదు గ్లాడిస్, దేవుడి తోడు, అని లెస్లీ మా గుమ్మంలో ఏడ్చాడు, నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది, చచ్చిపోయినవాడి మీద కోపం, నన్ను తలుచుకోనైనా లేదే ఈ మనిషి, బతకాలనైనా అనుకోలేదే అని, రోజూ ఆయన దిండుని అడుగుతూనే ఉన్నాను.

పమేలా చెయ్యి వచ్చింది, సెంటు వాసనతో సహా, నేను పట్టుకున్నాను, తిప్పాను, ఎప్పుడు నేర్చుకుందో నా చెయ్యి, చెక్క కత్తి నా గుప్పిట్లో ఉంది, శభాష్ అంటున్నారు ఎవరో, పమేలా అరచెయ్యి చాపింది, ఇటివ్వు మళ్ళీ చేద్దాం, నేను పక్కనున్న కుర్చీ మీద కత్తి పెట్టి ఒకడుగు వెనక్కి వేశాను, కింద పెట్టావేంటి గ్లాడిస్, చేతికివ్వు, అంటున్నాడు లెస్లీ, నేను కుర్చీ వంక చూస్తున్నాను, కత్తి వంక, నా కాళ్ళ వంక, అత్త గొంతు వినిపిస్తోంది, కింద ఎట్టు, హాల్లో బెత్తాల చప్పుడు ఆగిపోయింది, పమేలా నా భుజం పట్టుకుని ఏమైంది, ఏమైందే, అంటోంది, ఏం లేదు పమేలా, ఆయన భయపడలేదు, వాణ్ణి క్షమించనూ లేదు, వాడెవడో ఆయన చేతికి తెలియదు, కత్తి లాక్కున్న ప్రతిసారీ ఆ చేతికి ఎదురుగా ఉన్నది నేనే, ఆ పూట కూడా నేనే అనుకుంది, మా ఇద్దరికీ తగువు రాకూడదని కత్తి కింద పెట్టి, నేను తీసుకుంటానని ఒకడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.