పన్నెండు గుడ్డలు

సింగపూర్‌లో మా బూన్ లే బ్లాకులో కంప్యూటరు పిల్లలు దిగడం తొంభై ఎనిమిదిలో మొదలైంది. రెండు వేలకల్లా లిఫ్టు ఎక్కితే చాలు, తెలుగే వినిపించేది. వాళ్లంటే నాకు చిరాకు. మిషను మొరాయిస్తే ఆపేసి మళ్లీ ఆన్ చేస్తారట, అదే రిపేరట! నేవీ వదిలాక ఇరవయ్యేళ్లుగా జురాంగ్ షిప్‌యార్డుల్లో బాయిలర్లు తనిఖీ చేస్తూ బతుకుతున్నవాణ్ణి, నాకు ఒళ్లు మండదూ?

పక్క ఫ్లాట్‌లో అద్దెకున్న అరుంధతి మాత్రం వేరు. బ్యాంకు కంప్యూటర్ల మీద ఉద్యోగం. "అంకుల్, హాకర్ సెంటర్‌కి వెళ్తున్నా, మీకు తినడానికేమన్నా తేవాలా?" అని అడిగేది. ఒంటరివాణ్ణి కదా, ఆ ఒక్క మాటకే కరిగిపోయేవాణ్ణి. ఆగస్టులో వాళ్లమ్మ మంగతాయారు విశాఖపట్నం నుంచి రెండు నెలలుండటానికి వచ్చింది. వచ్చిన మర్నాడే నన్ను కాఫీకి పిలిచారు.

గోడమీద ఫోటోలో, నేవీ టోపీ పెట్టుకుని, వీరభద్రరావు!

"మా నాన్న, అంకుల్. ఓడలోనే పోయారు. నాకప్పటికి ఏడాది కూడా నిండలేదట," అంది అరుంధతి. ఆ ఓడలో నేనూ ఉన్నానని చెప్పలేకపోయాను. కాఫీ ఎలా తాగానో, ఎలా బయటపడ్డానో నాకే తెలియదు.

అది డెబ్భై ఒకటి డిసెంబరు. పక్క దేశం తనలో తానే కొట్టుకుంటూ రెండుగా చీలిపోతుంటే, ఆ అంతర్యుద్ధంలోకి మనమూ దిగాం. మా డిస్ట్రాయరు ఇంగ్లీషువాళ్లు వాడి వదిలేసింది, నాకంటే ఏడాది పెద్దది. తుక్కుకి పంపాల్సిన వయసులో దాన్ని యుద్ధానికి పంపారు. నేను అందులోకి బదిలీ అయి నెల కూడా కాలేదు.

సన్నగా ఉంటానని బాయిలరు శుభ్రం చేయడానికి నన్నే లోపలికి దించేవాళ్లు. ఎన్ని తుడుపుగుడ్డలు పట్టుకెళ్తే అన్నీ లెక్కపెట్టి పైకి తేవాలి, పుస్తకంలో రాయాలి. ఒక్క గుడ్డ లోపల మిగిలి గొట్టానికి అడ్డం పడినా, అందులోకి నీళ్లు పోవు. గొట్టం ఎర్రగా కాలి పగిలిపోతుంది. ఆ రోజు పన్నెండు పట్టుకెళ్లి పదకొండు తెచ్చాను. మళ్లీ దిగి వెతుకుదామనుకునేలోగా బయల్దేరమని ఆర్డరొచ్చింది. నావల్ల ఓడ రేవులో ఆగిపోతే నలుగురిలో తలెత్తుకోలేను. పన్నెండు అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం, నడిసముద్రంలో, బాయిలర్ రూములో నేనూ వీరభద్రరావూ ఇద్దరమే డ్యూటీ. నీళ్ల మట్టం చూపే గాజుగొట్టం ముందు నిలబడి అతను కూతురి కబుర్లే చెబుతున్నాడు. మంచినీళ్లు తాగొస్తానని నేను నిచ్చెనెక్కాను. పైకి చేరానో లేదో, కింద బాయిలరు గొట్టం పగిలింది. గదంతా ఆవిరి.

విచారణలో ముసలి ఓడ అన్నారు, నీళ్లు తగ్గినా చూసుకోని మనిషి అన్నారు. "అతను నిద్రపోయాడా?" అని నన్నడిగారు. లేదంటే గొట్టాలు విప్పి చూస్తారు, నా గుడ్డ బయటపడుతుంది. తెలియదు సార్ అన్నాను. నిద్రపోయాడనే రాసుకున్నారు. అతని సామాను ఇంటికి చేర్చి రమ్మంటే జ్వరమని వంక పెట్టాను. తప్పంతా ఒక ముసలి ఓడకీ, ఒక చచ్చినవాడికీ అంటగట్టి ఇన్నేళ్లూ తిని తిరిగాను. నాలాంటి సిగ్గుమాలినవాడు ఇంకొకడుండడు.

కాఫీ తాగిన దగ్గర్నుంచి వాళ్ల గుమ్మం ముందు దొంగలా నడిచేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున్న దొరికిపోయాను. వరండాలో మంగతాయారు చిక్కుడుకాయలు ఒలుస్తోంది. రాత్రంతా ఆఫీసులో పనిచేసి వచ్చిన అరుంధతి పక్కనే కుర్చీలో తూగుతోంది. తల్లి ఒక్కసారి ఉలిక్కిపడి కూతుర్ని భుజం పట్టి కుదిపేసింది.

"అయ్యో అమ్మా, ఫైవ్ మినిట్స్ లా!" అని సింగపూర్ యాసలో విసుక్కుంటూ ఆ పిల్ల లోపలికి పోయింది.

"పడుకోనివ్వొచ్చు కదమ్మా, పాపం," అన్నాను.

"కూకుని తూగితే నాకు భయమండి, అన్నయ్యగారూ." గొంతు తగ్గించింది. "దానికెప్పుడూ చెప్పలేదు. వాళ్ల నాన్న ఓడెక్కే ముందు రాత్రి దీనికి ఒళ్లు కాలిపోతోంది. నాకు నిద్రాగక ఆయన చేతిలో పెట్టీసి పడుకుండిపోయాను. తెల్లార్లూ భుజానేసుకుని తిరిగారు. ఆ నిద్దరే ఓడలో ముంచుకొచ్చింది. ఆయన్ని చంపింది నేనేనండి."

ఇక నావల్ల కాలేదు. ఆ ఓడలో ఉన్నాననీ, గుడ్డ సంగతీ, సంతకం సంగతీ, విచారణలో అన్న మాటా, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా బావుండుననిపించింది. ఆమె చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

"అయితే... నిద్రపోలేదాండి?"

"లేదమ్మా. రెప్ప కూడా వాల్చలేదు. మీ తప్పేం లేదు."

ఇన్నాళ్లకు ఆమె గుండెలమీది బరువు దించానని నేననుకున్నాను. ఎంత తెలివితక్కువవాణ్ణి!

"నా తప్పు నేను మోసుకున్నానండి, అది అలవాటైపోయింది. కానీ నిద్దట్లోనే పోయారు, ఆయనకేటీ తెలీలేదు, అని ఒక్కటుండేది నాకు. ఆయన్ని తెచ్చిన పెట్టె తెరవనివ్వలేదు కదా. అదే అనుకుని బతికాను." చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టి అడిగింది. "అరిచారా?"

లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"అరిచాడమ్మా."

"ఎవర్ని పిలిచారు?"

తన పేరు చెబుతానని, లేదా పిల్ల పేరైనా చెబుతానని ఆమె కళ్లలో ఆశ. నాకు ఏడుపు ఆగలేదు.

"నన్నేనమ్మా," అన్నాను. "విశ్వనాథం, విశ్వనాథం, అని నన్నే పిలిచాడు."